లీవు చీటీలో కారణం

1 జనవరి 2025

యూనియన్ వాళ్ళు పంచిన డైరీ. ముందు నాలుగు పేజీల్లో నాయకుల ఫోటోలుంటే చింపేశాను. మిగిలింది నాది. ఇందులో అన్నీ నిజాలే రాస్తాను, ఎవరికీ చూపించను.

మొదటి నిజం: ఈ రోజుకి నా ఛాతీ నలభై రెండు అంగుళాలు. రెండో నిజం రేపు రాస్తాను.

2 జనవరి

ఫస్టు షిఫ్టు. ఒళ్ళు నొప్పులు. నిద్రొస్తోంది.

8 ఫిబ్రవరి

నెల దాటింది. రెండో నిజం రాయలేదని నాకు గుర్తుంది. తొందరేముంది.

ఎల్లుండి కరీంనగర్ పోవాలని లీవు చీటీ ఇచ్చాను. మా గని ఆఫీసులో ఒక దరిద్రం ఉంది. చీటీలో కారణం రాయాలి. దాన్ని క్లర్కు జగదీశ్వర్ అన్న కిటికీలోంచి అందుకుని, లైన్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా చదువుతాడు. చదవమని ఏ రూలూ లేదు. ఆయనకి ముప్పై ఏళ్ళ అలవాటు, మాకు అవే పొద్దటి వార్తలు. ఎవడికి మొలలు లేచాయో, ఎవడి మామ పోయాడో గనిలో దిగకముందే అందరికీ తెలిసిపోతుంది. "సంపత్, తండ్రి పోశం, ఒక దినం, భార్య ట్రీట్‌మెంటు కొరకు" అని చదివాడు. రెండేళ్ళలో ఇది ఏడో చీటీ. ఏడింటిలోనూ అదే కారణం. అబద్ధమేం కాదు, సూదులు పొడిపించుకుంటున్నది జమునే కదా.

జగదీశ్వర్ అన్న చదివింది మధ్యాహ్నానికి ఆయన భార్య సంధ్యారాణి వదిన దగ్గరుంటుంది, సాయంత్రానికి సెంటినరీ కాలనీ క్వార్టర్లన్నీ తిరిగొస్తుంది. నల్లా దగ్గర జమునను ఎవరో "ఈసారన్న ఏమన్న తెలిసిందా బిడ్డా" అని అడిగారట. ఇంటికొచ్చి జమున బిందె దబ్బున దించింది.

10 ఫిబ్రవరి

కరీంనగర్‌లో కొత్త డాక్టరు, సుహాసిని గారు. కాకినాడ వైపు మనిషట. జమున ఫైలు రెండు వేళ్ళ మందం అయింది. స్కానింగులు, రక్త పరీక్షలు, గొట్టాల ఎక్స్‌రే. అందులో నొప్పికి జమున మంచం పట్టీని పట్టుకుని వంగిపోయింది, నాకు గుర్తుంది. డాక్టరమ్మ ఫైలంతా ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పింది.

"ఆయన రిపోర్టేదమ్మా?" అంది.

ముందు చూసిన డాక్టర్లిద్దరికీ "నాది నార్మలే" అని చెప్పాను, వాళ్ళు రాసుకున్నారు. ఈవిడ రాసుకోలేదు. లోపల ఏదైనా అతుక్కుందేమో కెమెరా ఆపరేషను చేసి చూద్దామంది. ఆపరేషనంటూ అంటే మూఢం పోయాక చేయించమని జమున అత్త, అదే మా అవ్వ, ముందే చెప్పి పంపింది కాబట్టి ఏప్రిల్ తొమ్మిదికి పెట్టింది. పెట్టి నా వైపు చూసింది.

"సంపత్ గారూ, మీ పరీక్ష చూడకుండా ఈ అమ్మాయి పొట్ట మీద కత్తి పెట్టను."

బస్సులో జమున కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేనూ పరీక్షకి సిద్ధమే అన్నాను. నాకేం భయం.

11 ఫిబ్రవరి

రెండో నిజం రాసేస్తాను. రెండున్నరేళ్ళుగా నేను సూది వేయించుకుంటున్నాను. పది రోజులకొకటి, పిర్రకి. మార్కెట్ వెనక జిమ్ము నడిపే రఘుపతి అన్న వేస్తాడు. జమునకి తెలియదు. విటమిను అని ఒకసారి చెప్పాను.

దీనికి కారణం మా బాపు ఛాతీ. మా బాపు పోశం అంటే ఈ బొగ్గు బెల్టులో పేరున్న కోల్ ఫిల్లర్. పారతో బొగ్గెత్తి టబ్బు బండి నింపితే మనిషి కనపడేవాడు కాదట, బొగ్గు ఎగరడమే కనపడేదట. ఆయన మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక ఆ ఉద్యోగం నాకొచ్చింది. బీటెక్ చదివి, నలభై ఎనిమిది కిలోలతో మొదటి రోజు గనిలో దిగితే, ల్యాంప్ రూమ్ దగ్గర సదయ్య కాక నన్ను కింది నుంచి మీదికి చూసి "పోశం కొడుకువా? పోశం కొడుకేనా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ రెండోసారి అడిగిందానికే నేను జిమ్ములో చేరాను.

సూది పడ్డ మూడు నెలలకి సదయ్య కాకే నా భుజం చరిచి "గిప్పుడు పోశం కొడుకువురా" అన్నాడు. ఆ రోజు ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాను.

రఘుపతి అన్న దాన్ని మగతనం సూది అంటాడు. నేను లెక్క కట్టి చెప్తున్నాను, నెలకి మూడు సూదుల మగతనం ఎక్కించుకునేవాడిలో కొరత ఎక్కడుంటుంది? మంచం మీద పులిని. జమునే ఒక్కోసారి పడుకోనియ్యి అంటుంది. కాబట్టి నా పరీక్ష ఒట్టి ఫార్మాలిటీ.

కింద కొంచెం చిన్నబడ్డట్టు ఉన్నాయి. చలికి ముడుచుకుని ఉంటాయి.

19 ఫిబ్రవరి

గోదావరిఖనిలో ల్యాబు. చిన్న గది, చిన్న డబ్బా, గోడ మీద క్యాలెండరులో బొద్దుగా ఉన్న చంటిపిల్ల బోసినోటితో నవ్వుతూ నన్నే చూస్తోంది. ఆ పిల్ల ముందు నా వల్ల కాలేదు. క్యాలెండరు గోడకి తిప్పి పెట్టాను. తలుపవతల ఎవరో షుగరు పరీక్షకి మూత్రం డబ్బా ఏదని గొడవ. పావుగంటలో పని ముగించి డబ్బా ఇచ్చి, ఎవరి మొహమూ చూడకుండా బండెక్కాను.

క్యాలెండరు మళ్ళీ సరిగ్గా తిప్పానో లేదో గుర్తులేదు.

20 ఫిబ్రవరి

నిల్.

21 ఫిబ్రవరి

నిల్ అంటే తక్కువ కాదు, ఒక్కటి కూడా లేదని. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే ఒక్క పరీక్షతో తేల్చకూడదు, కొన్ని వారాలాగి ఇంకోసారి చేయించమంది. మందులేవైనా వాడుతున్నారా, సూదులేవైనా వేయించుకుంటున్నారా అని అడిగింది. లేదు మేడం అన్నాను. నోట్లోంచి అంత సాఫీగా వచ్చింది, నాకే ఆశ్చర్యం.

జమున అడిగితే మంచిగనే ఉంది, ఇంకోసారి ఊరికే చూస్తారట అని చెప్పాను. ఆమె ఊపిరి వదిలి, "అయితే నాలనే ఉన్నది" అని పప్పు కడగడానికి పోయింది.

2 మార్చి

గని వేడి వల్ల అయి ఉంటుంది. లోపల ఉక్కకి కోడిగుడ్డు కూడా ఉడుకుతుంది. గని పైన సర్ఫేస్ డ్యూటీ ఇప్పించమని యూనియన్‌లో అడగాలి.

సదయ్య కాకకి నలుగురు పిల్లలు. ఆయనా అదే గని, అదే ఉక్క. ఈ విషయం యూనియన్ వాళ్ళు అడగకపోతే బాగుండు.

9 మార్చి

మా అక్క కోడలి శ్రీమంతం. అవ్వ జమునను వెనక వరసలో కూర్చోబెట్టింది. బొట్టు పెట్టే వంతు వచ్చినప్పుడు కుంకుమ పళ్ళెం జమునను దాటించి పక్కామె చేతికిచ్చింది. జమున చేయి సగం లేచి మళ్ళీ ఒళ్ళోకి పోయింది. నేను బయట మటన్ వడ్డిస్తూ కిటికీలోంచి చూశాను. చూసి వడ్డించుకుంటూ పోయాను.

22 మార్చి

ఒక ఉపాయం తట్టింది. రఘుపతి అన్నకి ఇద్దరు పిల్లలు, తొమ్మిదేళ్ళది ఒకతి, ఏడేళ్ళవాడు ఒకడు. రెండో పరీక్షకి ఆయనది ఇస్తే? రిపోర్టు మీద నా పేరుంటుంది, లోపల ఆయన సరుకుంటుంది. డాక్టరమ్మ నోరు మూతపడుతుంది. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత.

25 మార్చి

అడిగాను. ముందు జిమ్ము బల్ల మీద పడి నవ్వాడు. తర్వాత అద్దంలో చూసుకుని "తీస్కపో తమ్మీ. నాది చూస్తే ఆ డాక్టరమ్మ నీకు దండం పెడ్తది" అన్నాడు.

ఇంటి దగ్గర తీసినా గంటలోపు, ఒంటి వేడి తగిలేలా తెస్తే చాలని ల్యాబువాడు చెప్పాడు. ఇంకొకడి వీర్యం డబ్బాని బనీనులో పెట్టుకుని, నా నలభై రెండు అంగుళాల ఛాతీకి ఆనించుకుని, నలభై డిగ్రీల ఎండలో బండి మీద ల్యాబుకి పోయాను. మెయిన్ చౌరస్తాలో సిగ్నల్ పడింది. జీవితంలో ఒక మనిషి ఎంత కిందికి దిగగలడో ఆ ఎర్ర లైటు కింద నాకు అర్థమైంది. మా గని లోతు దానిముందు ఏ మూలకి.

26 మార్చి

నిల్.

27 మార్చి

రఘుపతి అన్నది కూడా నిల్. ఇద్దరు పిల్లల తండ్రిది నిల్.

నాకూ ఆయనకీ ఒకటే పొత్తు. ఒకే సీసా, ఒకే సూది మందు.

28 మార్చి

రఘుపతి అన్నకి రిపోర్టు చూపించాను. బెంచీ మీద కూలబడ్డాడు. సూది మొదలుపెట్టి ఆయనకి అయిదేళ్ళట, పిల్లలు దానికి ముందే పుట్టారు. "మూడోది కావాల్నని మా ఆమె రెండేండ్లసంది శనివారాలు ఉపవాసం ఉంటున్నదిరా" అన్నాడు. ఆ తర్వాత లేచి షట్టర్ సగం దించాడు.

ఇంటికొచ్చి బాత్రూములో చూసుకున్నాను. బయట నలభై ఒక్క డిగ్రీలు. ఇది చలికి ముడుచుకోవడం కాదు.

1 ఏప్రిల్

షిఫ్టు మార్చుకుని ఒక్కణ్ణే కరీంనగర్ పోయి డాక్టరమ్మకి అంతా చెప్పాను, బనీనులో డబ్బా సంగతి సహా. ఆవిడ పెదాలు బిగబట్టుకుంది. నవ్వు ఆపుకుందో తిట్టు ఆపుకుందో తెలియలేదు.

తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మగ హార్మోను వృషణాల్లో తయారవ్వాలి. అక్కడ తయారైన హార్మోనుతోనే వీర్యకణాలు పుడతాయి. చేయమని హుకుం మెదడు నుంచి పోతుంది. బయట నుంచి సూదిలో బోలెడంత వచ్చి పడితే, మెదడు ఇక చాలనుకుని హుకుం ఆపేస్తుంది. కింద పని ఆగిపోతుంది, అందుకే చిన్నబడతాయి. కండ పెరుగుతుంది, కోరిక ఉంటుంది, కణాలు మాత్రం ఉండవు. మా భాషలో చెప్పాలంటే బయటి దేశం బొగ్గు దిగుమతి చేసుకుని మన గని మూసేసినట్టు. ఆ మాట అంటే డాక్టరమ్మ "అంతే, పంపులు ఆపితే మూసిన గనిలో నీళ్ళు నిండినట్టు" అంది. కాకినాడ మనిషికి ఇదెలా తెలుసో.

మళ్ళీ తెరుచుకుంటుందా అని అడిగాను. సూది పూర్తిగా మానేసి మందులు వాడితే చాలామందికి తిరిగొస్తాయి, ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు, హామీ మాత్రం ఇవ్వనంది. మధ్యలో నీరసంగా ఉంటుంది, దిగులుగా ఉంటుంది, ఓర్చుకోమంది. జమున ఆపరేషను రద్దు చేసింది.

"ఇది ఆమెకు మీరే చెప్పాలి. తొమ్మిదో తారీఖు లోపల" అంది.

3 ఏప్రిల్

చెప్పలేదు. సెకండ్ షిఫ్టు.

5 ఏప్రిల్

చెప్పలేదు. జమున ఆపరేషనుకి నైటీలు రెండు కొనుక్కుంది. ముందు బొత్తాలున్నవి కావాలట.

6 ఏప్రిల్

శ్రీరామనవమి. పానకం తాగి చెప్పాను.

డాక్టరమ్మ గీసిన బొమ్మ, నిల్ కాగితాలు రెండూ ముందు పెట్టాను. సూదుల సంగతి, రఘుపతి అన్న డబ్బా సంగతి, అన్నీ. డబ్బా దగ్గర ఆమె నవ్వుతుందేమోనని కొంచెం ఆశపడ్డాను. నవ్వలేదు. రెండో కాగితం మీద వేలు పెట్టి అడిగింది.

"ఇది మంచిగ వచ్చి ఉంటే?"

నేను ఆ కాగితం మడత పెట్టబోయాను.

"ఇది మంచిగ వచ్చి ఉంటే, ఎల్లుండి కాక ఆవలెల్లుండి నా కడుపు కోపిచ్చేటోనివి. కాదా?"

అవును. ఇక్కడైనా రాస్తాను. అవును, కోయించేవాణ్ణి. మత్తు సూదికి ఆమె చేయి పట్టుకుని ధైర్యం కూడా చెప్పేవాణ్ణి.

7 ఏప్రిల్

జమున కాసిపేటకి, వాళ్ళమ్మగారింటికి పోతోంది. బస్టాండు దాకా వస్తానంటే వద్దంది. గడపలో నిలబడి ఒకటే మాట చెప్పింది.

"ఏడు లీవులు పెట్టినవ్. ఏడిట్లా నా ట్రీట్‌మెంటు అనే రాసినవ్. నల్లా కాడ నన్ను చూసిన ప్రతి ఆడిది నా కడుపు దిక్కే చూస్తది. నాకు సారీ చెప్పకు. పోయి గా కిటికీల నీ పేరు మీద రాయి. గట్టిగ చదివిచ్చుకో."

డైరీ రాస్తుంటే ఇల్లంతా ఖాళీగా ఉంది. నా తప్పు నాకు తెలుసు. కానీ కిటికీలో? లైన్లో సదయ్య కాక ఉంటాడు. పోశం కొడుకు అనిపించుకున్న చోటే.

12 ఏప్రిల్

రాయలేదు. "సొంత పని" అని రాస్తే సరిపోతుందా అని ఆలోచిస్తున్నాను. సరిపోదు.

13 ఏప్రిల్

అవ్వ, బాపుల దగ్గరికి పోయాను. కోడలు పుట్టింటికి ఎందుకు పోయిందని అవ్వ మొదలుపెట్టింది, ఆమెకి ఇంకో దవాఖాన చూడాలని, దర్గాలో తాయెత్తు కట్టించాలని. లోపం నాలో ఉందవ్వా అన్నాను. సూది అన్నాను. అవ్వకి సూది అర్థం కాలేదు, లోపం అర్థమైంది. కొంగు నోటికడ్డం పెట్టుకుని "పళ్ళెం దాటిచ్చిన గదరా" అని ఒక్కమాటంది.

బాపు ఆక్సిజన్ మిషను పక్కన కూర్చుని అంతా విన్నాడు. ఎందుకు పొడిపించుకున్నావని అడిగితే నీ ఛాతీ కోసమే అని చెప్పాను. ఆయన చొక్కా బొత్తాలు తీశాడు. ఎముకలు లెక్కపెట్టొచ్చు.

"నేను బొగ్గు ఎత్తిన కాబట్టి నాకు ఛాతి వచ్చింది. ఇప్పుడు మిషిన్లు ఎత్తుతున్నయి. నీకెందుకురా?" అన్నాడు. దగ్గు ఆగాక, "గీ ఛాతిల ఏమున్నదో ఎరికేనా? దుమ్మున్నది. దీనికోసం నా కోడలిని ఉసురు పెట్టినవా" అన్నాడు.

ఏడ్చాను. సూది మానేసి రెండు వారాలు దాటింది, దానివల్ల అనుకున్నాను కానీ దానివల్ల కాదు.

15 ఏప్రిల్

రాశాను.

"ఒక దినం లీవు. కారణం: నాలో వీర్యకణాలు లేవు. నా ట్రీట్‌మెంటు కొరకు."

జగదీశ్వర్ అన్న "సంపత్, తండ్రి పోశం, ఒక దినం" దాకా చదివి ఆగిపోయాడు. కళ్ళజోడు సవరించుకుని, చీటీని లోపలికి లాక్కుని "సరే తమ్మీ, శాంక్షన్" అన్నాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆయనకి మర్యాద పుట్టింది.

"చదువన్నా" అన్నాను. "నా భార్యది ఏడుసార్లు చదివినవ్ గద. గట్టిగనే చదివినవ్. ఇది కూడ చదువు."

చదివాడు. గొంతు తగ్గితే మళ్ళీ చదివించాను. వెనక లైన్లో ఎవడో కిసుక్కున నవ్వాడు, తర్వాత నలుగురు నవ్వారు, ఒకడు "గట్టిగున్న చెట్టుకు కాయ లేదన్నట్టు" అన్నాడు. అక్కడే నిలబడ్డాను. సూది సంగతి కూడా చెప్పాను. సదయ్య కాక నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి "పోశం కొడుకువేరా" అన్నాడు. ఈసారి ఛాతీ చూడలేదు.

షిఫ్టు దిగి స్నానాల గదికి పోతుంటే ఇద్దరు పిల్లగాళ్ళు, వేరు వేరుగా, వెనక నుంచి వచ్చి ఆ సూది పేరేందని చెవిలో అడిగారు. చెప్పాను. రెండోవాడు అక్కడే గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

క్వార్టరుకి చేరేలోపే జమున ఫోన్. సంధ్యారాణి వదిన కాసిపేటకి కూడా చేసేసిందన్నమాట. ఆ తల్లి రుణం తీరదు.

"ఒకటి అయ్యింది" అంది జమున. "ఇంక ఆరున్నయి."

పెట్టేసింది.

20 మే

రెండోది. ఎండ నలభై ఆరు. రిపోర్టు నిల్. జగదీశ్వర్ అన్న వార్తలు చదివినట్టు చదివాడు, లైన్లో ఎవడూ తలెత్తలేదు. ఛాతీ ముప్పై తొమ్మిది. పులి పిల్లి అయింది, ఆ పిల్లి కూడా పొద్దస్తమానం పడుకునే ఉంటోంది.

11 జూన్

అవ్వ నాకు చెప్పకుండా బస్సెక్కి కాసిపేట పోయింది. రెండు రోజులు అక్కడే ఉండి జమునను తీసుకొచ్చింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. జమున వంటింట్లోకి పోయి, నేను రెండు నెలలుగా కడగని టీ గిన్నె చూసి నా మొహం చూసింది. ఆ చూపుకైనా సంతోషమే.

24 జూన్

మూడోది. నిల్.

22 జులై

నాలుగు. నిల్. జమున పక్కన పడుకుంటోంది. మధ్యలో దిండుంది.

రఘుపతి అన్న జిమ్ములో సీసాలన్నీ పగలగొట్టాడు. వాళ్ళావిడకి కూడా చెప్పాడట. ఆమె శనివారం కోడిపులుసు వండుకుని తిని, ఆయనకి పెట్టలేదట.

26 ఆగస్టు

అయిదు. రిపోర్టులో నిల్ లేదు. "అరుదుగా" అని ఉంది. అంటే స్లయిడంతా వెతికితే రెండో మూడో దొరికాయని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడే ఆశ పెట్టుకోవద్దంది కూడా. ఆ రెండూ మూడూ ఎలా ఉన్నాయోనని బస్సులో ఒకటే ఆలోచన. ఒంటరిగా ఉండి ఉంటాయి పాపం.

జమునకి చూపిస్తే కాగితం ఫైల్లో పెట్టింది. నాకు కొత్త ఫైలు కొంది, పైన నా పేరు రాసింది.

23 సెప్టెంబరు

ఆరు. కాలనీ గ్రౌండులో బతుకమ్మ. అవ్వ కుంకుమ భరిణె తీసుకుని అంతమంది ఆడవాళ్ళ మధ్య మొదటి బొట్టు జమునకి పెట్టింది. జమున పెట్టించుకుంది. నవ్విందో లేదో దూరం నుంచి కనపడలేదు.

దిండు లేదు.

28 అక్టోబరు

ఏడు. ల్యాబు గదిలో క్యాలెండరు మార్చలేదు, ఆ పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. ఈసారి తిప్పలేదు. లెక్క మామూలుకి ఇంకా చాలా కిందే ఉంది, కానీ కదులుతున్నాయి. దారి దొరికిందంది డాక్టరమ్మ, ఇంకో రెండు నెలలు చూసి కాకపోతే వేరే పద్ధతులున్నాయి, వచ్చే నెల ఇద్దరూ రమ్మంది. పిల్లలు పుడతారని ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఛాతీ ముప్పై ఆరు. పాత చొక్కాలు పడుతున్నాయి.

23 నవంబరు

చీటీ రాస్తూ కూర్చున్నాను. ఏడు అయిపోయాయి, అప్పు తీరిందన్నట్టు పెన్ను పట్టుకుని జమునను అడిగాను, ఈసారి ఎవరి పేరు మీద రాయమంటావని.

ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"ఇద్దరి పేర్లు రాయి" అంది.

24 నవంబరు

"సంపత్, తండ్రి పోశం, ఒక దినం, నాకు నా భార్య జమునకు ఇద్దరి ట్రీట్‌మెంటు కొరకు" అని చదివాడు జగదీశ్వర్ అన్న. చదివి, కిటికీలోంచి తల బయట పెట్టి, "జాగర్త తమ్మీ, పొద్దటి బస్సుకు సీట్లు దొరకయి. నాలుగింటికే పోండ్రి" అన్నాడు. అలారం మూడున్నరకి పెట్టాను.